ఇత్తడి కుళాయి, తోలు వాషరు

పాత ఇళ్ళ పెరట్లో, ఆ తర్వాతి కాలం డాబా ఇళ్ళ వంటగదుల్లో, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది ఇత్తడి కుళాయి. పైన అడ్డంగా ఒక కాడ, కాడకి రెండు చివర్లా చిన్న గుబ్బలు. ఇంటిల్లిపాదీ తిప్పే ఆ కాడ ఎప్పుడూ నున్నగా మెరుస్తుండేది. గోడవైపు భాగం మాత్రం చిలుము పట్టి పచ్చబడేది. పండగ ముందు రోజు బిందెలూ చెంబులూ తోమే చింతపండులో కాస్త కుళాయికీ దక్కేది. చింతపండు పులుపుకి చిలుము ఇట్టే వదిలిపోయి, కొత్తగా బిగించినట్టు కనబడేది.

ఆ కుళాయి కారితే పారెయ్యాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. విప్పడానికి వీలుగానే దాన్ని చేశారు మరి. ఉన్నవి మూడు నాలుగు మరలు. అవి విప్పితే లోపలున్నదంతా చేతిలోకి వస్తుంది. అందులో తరచూ అరిగేది వాషరు అనే ఒకే ఒక్క బిళ్ళ. అది మారిస్తే మళ్ళీ కొన్నేళ్ళదాకా చూసుకోనక్కర్లేదు. అందుకే ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఓ పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో రెండు మూడు వాషర్లు, సైకిల్ ట్యూబు ముక్క, నూలు దారపు ఉండ, ఒక పానా, వంకర తిరిగిన స్క్రూడ్రైవరు. కుళాయికి కావలసిన వైద్యమంతా ఆ డబ్బాలోనే.

ఈ కుళాయి నిర్మాణం మన ఊళ్ళకి నీటి పైపులు రాకముందే పుట్టింది. మర తిప్పితే కిందికి దిగి నీటిదారిని మూసే కుళాయికి 1845లో ఇంగ్లండులోని రాథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి ఫౌండ్రీ పేటెంటు తీసుకుంది. హైదరాబాదులో 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ నీళ్ళు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల మీదుగా ఊళ్ళోకి చేరేవి. ఆ నీళ్ళు పట్టుకున్న నల్లాలైనా, కోస్తా పట్టణాల్లో మునిసిపాలిటీ కుళాయిలైనా లోపలి పద్ధతి అదే. అందుకే ఒక ఇంట్లో కుళాయి విప్పడం నేర్చినవాళ్ళు ఏ ఊరి కుళాయినైనా విప్పగలిగేవారు.

రిపేరుకి ముహూర్తం మాత్రం మునిసిపాలిటీవారే పెట్టేవారు. నీళ్ళు వచ్చేది పొద్దున గంటో రెండు గంటలో. చాలా ఇళ్ళలో వీధి మొదట్లో ఉన్న వాల్వు తప్ప ఇంటికంటూ వేరే వాల్వు ఉండేది కాదు. కనుక బిందెలూ గాబూ నిండాక, నీళ్ళు ఆగిపోయాక, మధ్యాహ్నం తీరిగ్గా పానా బయటికి వచ్చేది. ఈలోగా రాత్రిపూట నీళ్ళు వదిలే ఊళ్ళలో కుళాయి మూతికి ఒక నూలు దారం కట్టి, చివర కింద తొట్టిలో పడేలా వదిలేవారు. నీటిబొట్టు దారం వెంట జారిపోతుంది, టప్ టప్ మని చప్పుడు రాదు. ప్లంబరు రేపొస్తానన్న రోజున ఈనాటి స్టీలు సింకు దగ్గర కూడా ఈ దారం చక్కగా పనిచేస్తుంది.

డాబా మీదికి ట్యాంకు వచ్చాక నీళ్ళు కట్టేసుకునే వీలు కలిగింది గాని, పాత గేట్‌వాల్వులతో ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి కదపని గేట్‌వాల్వు పూర్తిగా మూసుకోదు. లోపలి పలక కూర్చునే గాడిలో సున్నపు పెచ్చు పేరుకుంటుంది. గట్టిగా తిప్పితే కాడ విరుగుతుంది, పలక కిందే ఉండిపోతుంది. అలాంటప్పుడు ట్యాంకులోపలి నుంచే అవుట్‌లెట్‌ని మూసేవారు. గుడ్డ చుట్టిన చెక్క బిరడా, దానికి ఓ తాడు. తాడు రెండో చివర ట్యాంకు బయట కట్టి ఉంచాలి. ఉత్త గుడ్డ ఉండ కుక్కితే పైపులోకి లాగేసుకుంటుంది, దాన్ని తియ్యడానికి పైపు కొయ్యాల్సి వస్తుంది.

కారుతోంది అన్నప్పుడు ఎక్కడ కారుతోందో ముందు చూడాలి. కట్టేసిన తర్వాత మూతి నుంచి చుక్కలు పడుతుంటే వాషరుదో, వాషరు కూర్చునే అంచు అంటే సీటుదో తప్పు. తెరిచి ఉన్నప్పుడు మాత్రమే కాడ కింద నుంచి నీరు ఊరుతుంటే గ్లాండు, అంటే కాడ కింద ప్యాకింగు కూరిన చోటు. కాడతో సహా విడిగా ఊడివచ్చే తలభాగం ఒంటితో కలిసే చోట చెమ్మ కనబడితే అక్కడి వాషరు. గోడ దగ్గర తడి కనిపిస్తే కుళాయికి సంబంధం లేదు, పైపు మర దగ్గరి ప్యాకింగు పోయింది. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పనులు. అన్నిటికీ కుళాయిని బలంగా కట్టెయ్యడమే మందు అనుకోవడం వల్లే ఎన్నో కుళాయిలు పాడయ్యాయి. ఎంత పోతోందో తెలియాలంటే మూతి కింద పావు లీటరు గ్లాసు పెట్టండి. గంటలో నిండిందంటే రోజుకి 6 లీటర్లు. ఇద్దరు మనుషులు తాగే నీళ్ళు.

ఇక విప్పడం. ముందుగా కుళాయిని సగం వరకూ తెరవాలి. ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. మూసి ఉన్నప్పుడు తలభాగం విప్పబోతే వాషరు సీటుని నొక్కుకుని ఉంటుంది కాబట్టి మరల మీద భారం పడుతుంది. తిరిగి బిగించేటప్పుడూ అంతే, స్పిండిల్, అంటే కాడతోపాటు తిరిగే లోపలి మర కడ్డీ, పైకి లేచి ఉండాలి. లేకపోతే తల బిగిసేకొద్దీ కొత్త వాషరు నలిగిపోతుంది. తలభాగానికి ఆరు పలకలుంటాయి. పానా ఆ పలకల మీద బిగుతుగా కూర్చోవాలి. వదులు పానాతో తిప్పితే ఇత్తడి మెత్తన కాబట్టి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. పైపు రెంచి పళ్ళు ఇత్తడిని కొరికేస్తాయి. అదే దిక్కయితే మధ్యలో ఒక తోలు ముక్కో మందపాటి గుడ్డో పెట్టేవారు.

ఒక చేత్తో పానా తిప్పుతుంటే రెండో చెయ్యి కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకోవాలి. జి.ఐ. పైపుల, అంటే జింకు పూత ఇనుప పైపుల ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. గోడలోని ఎల్బో (వంపు ముక్క) ముప్ఫై నలభై ఏళ్ళ తుప్పుతో ఉంటుంది. తల రాకుండా ఒళ్ళంతా తిరిగిందంటే మర విరిగి లోపలే ఉండిపోతుంది, గోడ పగలగొట్టాల్సిందే. తల కదలకపోతే నిమ్మరసమో వెనిగరో తడిపిన గుడ్డ దాని చుట్టూ చుట్టి గంటసేపు వదిలెయ్యాలి. బోరు నీళ్ళ ఇళ్ళలో పట్టుకుని ఉండేది చాలాసార్లు సున్నపు పెచ్చే. అది పులుపుకి కరుగుతుంది. తాగేనీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని చెబుతుంది. తెలంగాణ, రాయలసీమ బోర్లలో ఆ పై అంచు నీళ్ళు కొత్త కాదు. అలాంటి నీరు వాడే ఇంట్లో కుళాయి లోపల తెల్లని పెంకు కట్టడం మామూలే.

తల చేతిలోకి వచ్చాక తిరగేసి చూస్తే స్పిండిల్ అడుగున చిన్న ఇత్తడి కాడ, కాడ కింద గుండ్రటి బిళ్ళ, బిళ్ళకి అతుక్కుని వాషరు, వాషరుని పట్టి ఉంచే చిన్న నట్టు. కొన్ని కుళాయిల్లో ఈ కాడ స్పిండిల్ రంధ్రంలో వదులుగా ఉండి, తల తియ్యగానే జారి కింద పడిపోతుంది. ఆ వదులు తప్పు కాదు, కావాలనే అలా చేస్తారు. పైపులో నీటి ఒత్తిడి బిళ్ళని పైకి లేపుతుంది. సరఫరా ఆగిపోయి పైపు వెనక్కి పీల్చినప్పుడు బిళ్ళ తనంతట తనే సీటు మీద పడి, బకెట్లోని మురికినీరు పైపులోకి పోకుండా అడ్డుకుంటుంది. తక్కువ ఎత్తు ట్యాంకు ఉన్న ఇళ్ళలో మాత్రం ఇదే ఇబ్బంది పెడుతుంది. పది మీటర్ల ఎత్తు నీరుంటేగాని చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి రాదు. డాబా ట్యాంకు కుళాయికి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే దొరికేది దాంట్లో మూడో వంతు. బిళ్ళకి చిలుము పట్టిందంటే అంత తక్కువ ఒత్తిడికి లేవదు. కుళాయి పూర్తిగా తెరిచినా నీళ్ళు సన్నగా వస్తాయి. ట్యాంకు ఖాళీ అయిందేమో, పైపు పూడిందేమో అని వెతికేముందు ఆ కాడని ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చెయ్యండి.

ఇప్పుడు వాషరు. అరంగుళం కుళాయి వాషరు వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా పాత పావలా బిళ్ళంత. 2011 జూన్ 30తో పావలా చెలామణీ ఆగిపోయింది. పాత పావలా ఒకటి ఇంకా ఇంట్లో ఉంటే వాషరు కొలతకి పనికొస్తుంది. అరిగిన వాషరు మీద గుండ్రంగా ఒక గాడి పడి ఉంటుంది. సీటు అంచు దాని మీద పదే పదే కూర్చోవడం వల్ల పడిన గాడి అది. గాడి సమంగా ఉంటే వయసు మీద పడిందని అర్థం. ఒకచోట మాత్రమే లోతుగా తెగి ఉంటే అక్కడ ఇసుక రేణువు ఇరుక్కుంది, లేదా సీటుకే దెబ్బ తగిలింది.

తోలు వాషర్ల కాలం ఒకటుండేది. చెప్పులు కుట్టేవారి దగ్గరికి పాత వాషరు పట్టుకెళ్తే, దాన్నే అచ్చుగా పెట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందపు తోలులో కోసి ఇచ్చేవారు. నడిమి రంధ్రం కావాల్సినదానికన్నా కాస్త చిన్నదిగానే పొడిచేవారు, కాడని గట్టిగా పట్టుకోవాలని. బోరింగు పంపులకి గిన్నె ఆకారపు తోలు వాషర్లు కోసే చేతులే ఇవీ కోసేవి. తోలు వాషరుని పొడిగా బిగించకూడదు. ముందురోజు రాత్రి నీళ్ళలో నానేస్తే తోలు ఉబ్బి మెత్తబడుతుంది, సీటుకి అచ్చంగా అతుక్కుంటుంది. నానకుండా బిగిస్తే మొదట కొంతసేపు కారుతుంది, కంగారుపడి ఇంకా బిగిస్తే నలుగుతుంది.

వేసవి సెలవులకి ఇల్లు తాళం వేసి ఊరెళ్ళి వచ్చినప్పుడు, మంచిగా ఉన్న కుళాయి ఉన్నట్టుండి కారడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళకి అనుభవం. ట్యాంకు ఖాళీ అయి, నెలరోజుల ఎండకి తోలు ఎండి ముడుచుకుపోయి ఉండేది. ఏమీ చెయ్యక్కర్లేదు. నీళ్ళు పెట్టి వదిలేస్తే కొన్ని గంటల్లో తోలు మళ్ళీ ఉబ్బి కారడం ఆగిపోయేది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఉండండి, తాగనివ్వండి" అనేవారు. తోలు నీళ్ళు తాగడం గురించే ఆ మాట.

దుకాణాలు మూసి ఉంటే ఇంట్లో దొరికిన రబ్బరే దిక్కు. సైకిల్ ట్యూబు మరీ పలచన, ఒక పొర చాలదు. రెండు మూడు పొరలు వేసినా పొరల మధ్య నుంచి నీరు ఊరుతుంది. సీటు అంచు ట్యూబుని త్వరగా కోసేస్తుంది కూడా. టైరు ముక్క గట్టిదే గాని అందులో నూలు దారాల పొరలుంటాయి, వాటి వెంట నీరు జారుకుంటుంది. హవాయి చెప్పు అడుగు రబ్బరు కోయడానికి సులువు, వెంటనే కారడం ఆగుతుంది. కాని అది గాలి బుడగల రబ్బరు. నొక్కుడు పడి కొన్నాళ్ళకి అణిగిపోయి తిరిగి లేవదు. దుకాణం తెరిచేదాకా నెట్టుకురావడానికి మాత్రమే అవన్నీ. ఇవాళ కొనేటప్పుడు నల్ల రబ్బరు వాషరే తీసుకోండి. గోటితో నొక్కితే కొద్దిగా లొంగి వెంటనే లేవాలి. చాలాకాలం డబ్బాలో పడి ఉన్న రబ్బరుని వంచితే సన్న పగుళ్ళు కనబడతాయి, అది వద్దు. గట్టి తెల్ల నైలాను వాషరు ఎక్కువకాలం మన్నుతుందని అమ్ముతారు. సీటు కొత్తదైతే నిజమే. పాత సీటుకి అది పనికిరాదు, గరుకు మీద సర్దుకుని కూర్చునే మెత్తదనం దానికి లేదు.

కొత్త వాషరు వెయ్యగానే ఆగాలి. ఆగకపోతే సీటు చూడాలి. అసలు నష్టమంతా జరిగేది ఇక్కడే. కుళాయి ఒంటిలోపల నీరు పైకి వచ్చే రంధ్రం చుట్టూ సన్నటి ఇత్తడి అంచు ఉంటుంది, అదే సీటు. వాషరు అరిగి సన్నగా కారుతున్న కుళాయిని నెలల తరబడి అలాగే వదిలేస్తే, ఆ సన్నని సందులోంచి నీరు వేగంగా దూసుకుపోతూ ఇత్తడిని గాడి కోస్తుంది. ఇసుక కలిసిన నీరైతే ఇంకా త్వరగా. సెల్‌ఫోను దీపం వేసి చూస్తే అంచు మీద చిన్న గాటు కనబడుతుంది. కనబడకపోతే చిటికెన వేలితో తడిమితే గోరుకి తగులుతుంది. ఆ గాటు ఉన్నంతకాలం ఎన్ని వాషర్లు మార్చినా వారం తిరక్కుండా మళ్ళీ మొదలు.

ప్లంబర్ల దగ్గర సీటుని చదును చేసే కటింగు పనిముట్టు ఉంటుంది. తల స్థానంలో దాన్ని బిగించి తిప్పితే అంచు సన్నగా చెక్కి సమం అవుతుంది. అది లేనివాళ్ళు చేసే పద్ధతి ఇంకొకటుంది. కుళాయిలో పట్టేంత గుండ్రటి కర్ర ముక్క తీసుకుని, దాని చివర తిన్నగా కోసి, నున్నటి ఎమరీ కాగితం గుండ్రంగా కత్తిరించి అతికించాలి. నిలువుగా పట్టుకుని, పెద్దగా నొక్కకుండా అటూ ఇటూ తిప్పాలి. ఓ ఇరవై ముప్ఫై తిప్పులకోసారి తీసి చూడాలి. అంచంతా ఒకేలా మెరిసిందంటే చాలు. కర్ర వంగిందంటే సీటు ఏటవాలుగా అరుగుతుంది, అప్పుడు పని ఇంకా చెడుతుంది. పని అయ్యాక తల బిగించకముందే నీళ్ళు ఒక్క క్షణం తెరిచి ఇత్తడి పొడి కొట్టుకుపోనివ్వాలి. నీళ్ళు మొహాన కొట్టకుండా మీద గుడ్డ వెయ్యండి.

వాషరు బిగించేటప్పుడు నట్టుని ఎంత బిగించాలన్నది చేతికి అలవాటు కావాల్సిన సంగతి. వాషరు బిళ్ళకి అతుక్కోవాలి, ఉబ్బెత్తుగా పైకి లేవకూడదు. మధ్యలో ఉబ్బిందంటే అంచులు సీటుని తాకవు. మరీ వదులైతే నీరు తెరవగానే వాషరు అదిరి, పైపంతా గుర్రుమని మోత పెడుతుంది. అర్ధరాత్రి గోడల్లోంచి వినబడే ఆ మోతకి చాలా ఇళ్ళలో కారణం ఈ నట్టే.

గ్లాండు సంగతి తేలిక. కాడ కింద ఉన్న చిన్న నట్టుని ఎనిమిదో వంతు తిప్పు బిగించి చూడాలి. ఆగితే సరే. కాడ బరువుగా తిరుగుతోందంటే ఎక్కువ బిగిసింది, కాస్త వదలాలి. ఎంత బిగించినా ఊరుతుంటే లోపలి ప్యాకింగు అయిపోయినట్టు. కాడ తీసి, నట్టు పైకి లేపి, పాత ప్యాకింగుని పిన్నీసుతో గీకి తియ్యాలి. చాలా పాత కుళాయిల్లో బూడిదరంగు దారం కనబడితే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. పొడిగా గీకొద్దు, తడిపి తీసి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారెయ్యండి. కొత్త ప్యాకింగుకి ఇళ్ళలో వాడింది ఆముదంలో నానబెట్టిన నూలు దారం. అందులో ఎంతో తెలివుంది. ఆముదం సహజ రబ్బరుని ఉబ్బించదు, పాడుచెయ్యదు. మోటారు వాహనాల తొలి రోజుల్లో బ్రేకు ద్రవాల్లో కూడా ఆముదం వాడింది అందుకే. వాసెలీను, గ్రీజు, మోటారు ఆయిలు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. దారాన్ని నట్టు బిగిసే దిక్కునే, అంటే గడియారం ముల్లు తిరిగేవైపే, మూడు నుంచి ఐదు చుట్లు చుట్టి నట్టుతో అదమాలి. ఎదురు దిక్కున చుడితే బిగించేకొద్దీ విడిపోతుంది. ఇప్పుడు ఆముదం దారం బదులు టెఫ్లాన్ టేపుని తాడులా పేని చుడితే సరిపోతుంది.

గోడ దగ్గర కారితే కుళాయి మొత్తం విప్పాలి. పాత మేస్త్రీలు దీనికి జనపనార, సఫేదా అనే తెల్లటి ముద్ద వాడేవారు. నారని సన్నటి పాయగా దువ్వి, మర మీద చుట్టి, పైన సఫేదా పూసి బిగించేవారు. నీరు తగిలి నార ఉబ్బుతుంది, సఫేదా గట్టిపడి సందులు మూస్తుంది. ఏళ్ళ తరబడి చుక్క జారేది కాదు. కాని అసలైన సఫేదా అంటే సీసపు సమ్మేళనం. తాగేనీటిలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది ప్రమాణం. కాబట్టి పాత ఇంట్లో ఇత్తడి కుళాయిని ఉంచుకున్నవారు రాత్రంతా పైపులో నిలిచిన నీటిని పొద్దున కాసేపు వదిలి, మొక్కలకో అంట్లకో వాడి, ఆ తర్వాతే తాగడానికి పట్టుకోవడం మంచిది. ఇత్తడిలోనూ కొంచెం సీసం కలుపుతారు, మర కోయడానికి సులువుగా ఉంటుందని. ఇప్పుడు కొత్తగా చేసే పనికి నార, సఫేదా అక్కర్లేదు. టెఫ్లాన్ టేపు చాలు, 1938లో అమెరికాలో కనుక్కున్న పదార్థం అది.

మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున, లాగిపట్టి, ఎనిమిది నుంచి పన్నెండు చుట్లు. మొదటి మర వదిలి రెండో మర నుంచి మొదలుపెట్టండి, టేపు ముక్కలు లోపలికి వెళ్ళి కొత్తరకం కుళాయిల సిరామిక్ బిళ్ళల్లో ఇరుక్కోకుండా. బిగించాక కుళాయి మూతి కాస్త పక్కకి ఉందనిపిస్తే ముందుకే తిప్పాలి. వెనక్కి తిప్పారా, టేపు మడత పడి సందు వస్తుంది. అలా జరిగితే మొత్తం విప్పి, టేపు తీసేసి మళ్ళీ చుట్టడం తప్ప దారి లేదు.

ఇప్పటి వంటగదుల్లో పావు తిప్పు కుళాయిలే ఎక్కువ. వీటిలో వాషరు లేదు. నున్నగా పాలిష్ చేసిన రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి, రంధ్రాలు ఎదురెదురైతే నీరు వస్తుంది. బిళ్ళలు ఏళ్ళపాటు అరగవు గాని ఇసుకంటే పడదు. ట్యాంకు కడిగిన మర్నాడో, బోరు మోటారు మార్చిన వారమో చుక్కలు మొదలైతే అనుమానించాల్సింది ఇసుకనే. సింకు కింది యాంగిల్ వాల్వు కట్టేసి, పిడి మీద చిన్న మూత గోటితో లేపి, స్క్రూ తీసి, పిడి లాగి, కింది నట్టు విప్పితే ఆ బిళ్ళలున్న కార్ట్రిడ్జి మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది. దాన్ని పారే నీళ్ళలో కడిగి, అడుగున ఉన్న రబ్బరు రింగు పక్కకి జరగలేదని చూసి మళ్ళీ బిగించండి. ఒక్కోసారి ఇంతకే ఆగుతుంది. ఆగకపోతే బిళ్ళ మీద గీత పడింది, కార్ట్రిడ్జి మార్చాలి. శానిటరీ షాపుకి పాతది పట్టుకునే వెళ్ళండి. పైన పిడి కూర్చునే పళ్ళు కొన్నిటికి 20, కొన్నిటికి 24. తిరిగే దిక్కు కూడా ఎడమ, కుడి అని రెండు రకాలు. బయటికి ఒకేలా కనిపిస్తాయి గాని ఒకదానికి ఇంకొకటి పట్టదు.

అటూ ఇటూ తిరిగే పొడుగు మెడ కుళాయికి మెడ మొదట్లో నీరు ఊరితే కార్ట్రిడ్జి జోలికి వెళ్ళొద్దు. మెడ విప్పితే రెండు సన్నటి ఓ-రింగులుంటాయి. అరిగి చదునైపోయినవి తీసి, అదే కొలతవి వేసి, పలచగా సిలికాన్ గ్రీజు రాసి పెట్టండి. గాడిలో పెచ్చు ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో ముందు కడగాలి, లేకపోతే కొత్త రింగుని అదే కోస్తుంది.

ఇళ్ళు పడగొట్టేటప్పుడు పాత ఇత్తడి కుళాయిలు సామాన్లవాడి తూకానికి వెళ్ళిపోతున్నాయి. తూకం వెయ్యకముందు ఒక్కసారి తల విప్పి చూడండి. స్పిండిల్ మర పట్టుకుని ఊపితే లొడలొడ లాడకూడదు. గోడలోకి వెళ్ళే మర దగ్గర పగులు ఉండకూడదు. సీటు అంచు నిండుగా ఉండాలి. ఈ మూడూ బాగుంటే అది ఇంకో తరం నడిచే కుళాయి. అరంగుళం పైపు మర మారలేదు, అప్పుడూ ఇప్పుడూ అంగుళానికి 14 చుట్లే. కాబట్టి ఈనాటి సి.పి.వి.సి. ప్లాస్టిక్ పైపుకీ సరిపోతుంది. మరకి అంటుకున్న పాత నార, సఫేదా తడిపి పూర్తిగా గీకి తీసెయ్యండి, కొత్త వాషరు వెయ్యండి, టేపు చుట్టండి. ఎల్బో మాత్రం లోపల ఇత్తడి మర ఉన్నదే కొనాలి. ఇత్తడి కుళాయి బిగువుకి ఉత్త ప్లాస్టిక్ మర చీలిపోతుంది.